కొబ్బరి వ్యర్థాలతో మహిళల చిన్న వ్యాపారాలు: మురమళ్ళ పరిసర గ్రామాల్లో ఎదురయ్యే ఇబ్బందులు, దాటే మార్గాలు

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో కొబ్బరి ప్రధాన ఉద్యాన పంట. ఐ.పోలవరం మండలం మురమళ్ళ చుట్టుపక్కల గ్రామాల్లో తోట ఉన్న ప్రతి ఇంట్లో మట్టలు, డొక్కలు, చిప్పలు, ఈనెలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. వీటిని ఎరువుగా, కోకోపీట్‌గా, చీపుర్లుగా, పీచు వస్తువులుగా మార్చి అమ్ముకునే పనిలో మహిళలే ముందున్నారు. పొయ్యిలోకో మంటలోకో పోయేది అమ్మకపు సరుకు అవుతుంది కాబట్టి ఇవి పర్యావరణానికి మేలు చేసే వ్యాపారాలు.

అయితే మొదలైన యూనిట్లన్నీ నిలబడడం లేదు. తయారు చేయడం రాక మూతపడేవి తక్కువ. సొంత కూలి లెక్కలో వేసుకోకపోవడం, స్థలం, ఖాతా, రుణం తమ పేరున లేకపోవడం, కొనేవారిని ముందుగా చూసుకోకపోవడం అనే మూడు కారణాల వల్ల ఆగిపోయేవే ఎక్కువ. ఈ మూడింటినీ, వాటితో ముడిపడిన మిగతా ఇబ్బందులనూ వివరంగా తెలుసుకుందాం.

ఇక్కడ వీలున్న వ్యాపారాలు

- కొబ్బరి మట్టలతో వర్మీ కంపోస్టు తయారీ, వానపాముల అమ్మకం
- డొక్కల నుంచి పీచు తీసి తాడు పేనడం, పట్టాలు, బ్రష్షులు చేయడం
- పీచు తీయగా మిగిలిన పొట్టును కడిగి కోకోపీట్‌గా లేదా కంపోస్టుగా మార్చడం
- ఈనె చీపుర్లు, చిప్పలతో గరిటెలు, గిన్నెలు
- ఘన జీవామృతం, ద్రవ జీవామృతం, కషాయాలు తయారు చేసి ప్రకృతి సేద్యం చేసే రైతులకు అమ్మడం
- కూరగాయలు, పూల మొక్కల నారు పెంపకం

వీటిలో ఏది ఎంచుకున్నా ఇబ్బందులు దాదాపు ఒకేలా ఉంటాయి. అందరికీ తెలిసిన వర్మీ కంపోస్టునే ఉదాహరణగా తీసుకుందాం.

1. సొంత కూలి లెక్కలోకి రాకపోవడం

"ఖర్చేముందండీ, మట్టలు మనవే, పేడ మనదే, పని మనదే" అనే మాట గ్రామాల్లో తరచుగా వింటుంటాం. ఈ మాటతోనే నష్టం మొదలవుతుంది. బయటి మనిషిని పెడితే ఇచ్చే కూలిని మీ పనికీ వేసుకోవాలి. కింది లెక్క నమూనా మాత్రమే. మీ ఊరి కూలి, ధరలు వేసి మళ్ళీ లెక్కించుకోండి.

ఒక టన్ను కొబ్బరి ఆకు, 100 కిలోల పేడ వాడితే సుమారు 700 కిలోల వర్మీ కంపోస్టు వస్తుంది. ఇందుకు సుమారు మూడు నెలలు పడుతుంది.

- పేడ: రూ.200
- సంచులు 14: రూ.280
- బెడ్డు, నీడ వల అరుగుదల: రూ.500
- రవాణా: రూ.600
- వడ్డీ: రూ.120
- కూలి కాకుండా మొత్తం ఖర్చు: రూ.1,700

ఇక పని రోజులు చూద్దాం. మట్టలు ఏరి, మొదలు నరికి, ముక్కలు చేయడానికి 5 రోజులు. రోజూ నీళ్ళు చల్లడం, తిరగవేయడం కలిపితే 5 రోజులు. జల్లెడ పట్టి సంచుల్లో నింపడానికి 3 రోజులు. మొత్తం 13 రోజులు. రోజుకు రూ.400 చొప్పున రూ.5,200.

కిలో రూ.8 చొప్పున 700 కిలోలు అమ్మితే రూ.5,600 వస్తుంది. కూలి వేయకపోతే రూ.3,900 లాభంగా కనిపిస్తుంది. కూలి వేస్తే అసలు ఖర్చు రూ.6,900 కాబట్టి రూ.1,300 నష్టం. ఇంకోలా చెప్పాలంటే, 13 రోజులు కష్టపడినందుకు మీకు రోజుకు దక్కింది రూ.300. పక్క తోటలో పనికి వెళ్తే రూ.400 వచ్చేది.

ఈ లెక్కను బట్టి చేయవలసినవి:

- కిలో రూ.10 కంటే తక్కువకు అమ్మితే మీ కూలి మీకు రాదు. మీ యూనిట్‌కు ఇలాంటి కనీస ధర ఎంతో ముందే తేల్చుకోండి. బేరం ఆ ధర దగ్గర ఆగాలి.
- మట్టలు ముక్కలు చేయడం ఎక్కువ రోజులు తినే పని. ఐదారుగురు కలిసి మట్టలు కోసే యంత్రాన్ని అద్దెకు తెచ్చుకుని 5 రోజుల పనిని 2 రోజులకు తగ్గిస్తే, అద్దె రూ.400 పోయినా మొత్తం ఖర్చు రూ.6,100కు దిగుతుంది. కిలో ఖర్చు రూ.9 లోపే ఉంటుంది.
- 50 కిలోల సంచితో పాటు ఇంటి తోటలు, కుండీల వాళ్ళ కోసం 5 కిలోల సంచులు కూడా పెట్టండి. చిన్న సంచిలో కిలో ధర ఎక్కువ పలుకుతుంది.
- రోజూ ఎన్ని గంటలు పని చేశారో ఒక నోటు పుస్తకంలో రాయండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకమే వ్యాపారం కొనసాగించాలా, మార్చుకోవాలా అన్నది చెబుతుంది.

2. ముడి సరుకు తగ్గిపోవడం

హెక్టారు కొబ్బరి తోట నుంచి ఏటా 6 నుంచి 8 టన్నుల ఆకు వస్తుంది. అంటే ఎకరానికి సుమారు రెండున్నర నుంచి మూడు టన్నులు. దాని నుంచి సుమారు 1,700 నుంచి 2,200 కిలోల వర్మీ కంపోస్టు వస్తుంది. అదే ఎకరంలో 70 చెట్లున్నాయనుకుని, చెట్టుకు ఏటా కనీసం 25 కిలోల సేంద్రియ ఎరువు వేస్తే 1,750 కిలోలు కావాలి. అంటే మీ ఎకరం ఆకుతో వచ్చే ఎరువు దాదాపుగా మీ ఎకరానికే సరిపోతుంది. తోటకు వేయకుండా అంతా అమ్మేస్తే ఈ ఏడాది డబ్బు కనిపిస్తుంది, తర్వాత తోట నీరసిస్తుంది.

అందుకే అమ్మకానికి చేసే ఎరువుకు ఇతరుల తోటల ఆకు కావాలి. ఇక్కడే మహిళలకు చిక్కు వస్తుంది. మొదట ఉచితంగా తీసుకెళ్ళమన్న తోట యజమాని, వ్యాపారం నడుస్తోందని తెలిశాక ధర అడుగుతాడు, లేదా వేరేవారికి ఇస్తాడు.

- నాలుగైదు తోటల యజమానులతో ఏడాదికి సరిపడా ముందే మాట్లాడుకోండి. డబ్బుకు బదులు టన్ను ఆకుకు ఇన్ని సంచుల ఎరువు అని ఒప్పందం చేసుకుంటే ఇద్దరికీ మేలు.
- డొక్కల విషయంలో తోట దింపు జరిగే రోజు ముందుగా తెలియాలి. కాయ తోటలోనే ఒలిస్తే డొక్క అక్కడే ఉంటుంది. ఒలవకుండా అమ్మితే డొక్క వ్యాపారితో పాటే వెళ్ళిపోతుంది. దింపు, ఒలుపు కార్మికులతో పరిచయం పెంచుకోవడం ఈ వ్యాపారంలో ముఖ్యం.
- ఒక్క ముడి సరుకు మీదే ఆధారపడకుండా అరటి బోదెలు, కోకో ఆకులు, గడ్డి కూడా కలుపుకోండి.

3. స్థలం, కాగితాలు మహిళ పేరున లేకపోవడం

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో మహిళల పేరున నడుస్తున్నవి దాదాపు 14 శాతమే. షెడ్డు వేసే స్థలం భర్త, మామగారు లేదా బావగారి పేరున ఉంటే, వ్యాపారం బాగా సాగుతున్న సమయంలో కుటుంబంలో పంపకాలు రావచ్చు. అప్పుడు షెడ్డు ఎవరిదన్న తగాదా మొదలవుతుంది.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు కల్పించిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి. హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళైన కూతుళ్ళకు అది వర్తించలేదు. 2005లో వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించింది. హక్కు ఉండడం వేరు, కాగితం చేతిలో ఉండడం వేరు. అందుకే:

- కుటుంబ సభ్యుడి స్థలమైనా సరే షెడ్డు కోసం మీ పేరున కౌలు పత్రం రాయించుకోండి. గడువు ఏడాది దాటితే తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. "ఇంట్లో వాళ్ళ మధ్య కాగితాలెందుకు" అని ఎవరన్నా అంటే, బ్యాంకువారు అడుగుతున్నారని చెప్పండి. అది నిజమే కూడా.
- కరెంటు మీటరు, ఉద్యం రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, ఫోన్‌పే నంబరు ఇవన్నీ పని చేసే మహిళ పేరునే ఉండాలి. ఉద్యం నమోదు ఉచితం. దీనికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు.
- సొంత స్థలం దొరకకపోతే నలుగురైదుగురు కలిసి గ్రామ సమాఖ్య తరఫున పంచాయతీని స్థలం అడగవచ్చు. తీర్మానం కాపీ తీసుకుని దాచుకోండి.

4. పెట్టుబడి, రుణం

డ్వాక్రా సంఘాలు, బ్యాంకు లింకేజి, 2011లో ఏర్పడిన స్త్రీనిధి వల్ల మన మహిళలకు అప్పు పుట్టడం పూర్వమంత కష్టం కాదు. అప్పు మహిళ పేరున వస్తుంది, డబ్బు మాత్రం ఇంటి అవసరానికో, రొయ్యల చెరువుకో, పాత బాకీకో పోతుంది. వాయిదా కట్టేది మళ్ళీ ఆమే. వ్యాపారానికి తీసుకున్న రుణం వ్యాపారంలోనే పెట్టాలి. దీనికి సులువైన మార్గం, వ్యాపారానికి వేరే ఖాతా తెరిచి రుణం నేరుగా అందులోకే వచ్చేలా చూసుకోవడం.

అందుబాటులో ఉన్న దారులు:

- సంఘం రుణం, స్త్రీనిధి: సంచులు, పేడ, కూలి వంటి రోజువారీ పెట్టుబడికి సరిపోతుంది.
- ముద్ర రుణం: శిశు కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు, తరుణ్ కింద రూ.10 లక్షల వరకు ఇస్తారు.
- ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం: కొత్త యూనిట్లకు వర్తిస్తుంది. గ్రామీణ మహిళలకు ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతం. పీచు, పొట్టు యూనిట్ల దరఖాస్తులను కాయర్ బోర్డు ద్వారా కూడా పెట్టుకోవచ్చు. బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంది.
- సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం: కొబ్బరి నూనె, కొబ్బరి పొడి, చిప్స్, మిఠాయిల వంటి తినే వస్తువులకు వర్తిస్తుంది. 35 శాతం రాయితీ, గరిష్ఠంగా రూ.10 లక్షలు.

పథకాల గడువులు, షరతులు మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఆ రోజుకు అమల్లో ఉన్న నిబంధనలు అడిగి తెలుసుకోండి. రాయితీ సొమ్ము మొదట్లోనే చేతికి రాదు. యూనిట్ నడిచాక రుణంలో సర్దుబాటు అవుతుంది. దాన్ని నమ్ముకుని పెద్ద యంత్రం కొనడం మంచిది కాదు.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రూ.10 లక్షల వరకు రుణానికి బ్యాంకులు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఎక్కడైనా భూమి పత్రాలో బంగారమో పెట్టమంటే, ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా కోరండి. చాలాసార్లు విషయం అక్కడితో తేలిపోతుంది.

5. నాణ్యత: ఒకసారి కొన్నవారు మళ్ళీ కొనాలంటే

*కోకోపీట్:* కిలో పీచు తీస్తే సుమారు రెండు కిలోల పొట్టు వస్తుంది. కడియం, కడియపులంక నర్సరీలు దగ్గరలోనే ఉన్నాయి కాబట్టి మార్కెట్ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. కానీ మన ప్రాంతపు పొట్టులో ఉప్పు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఉప్పు పొట్టులో నారు పోస్తే మొక్క మాడిపోతుంది, కొన్న నర్సరీ మళ్ళీ మీ గడప తొక్కదు. మంచి నీటితో రెండు మూడు సార్లు కడిగి, ఈసీ మీటరుతో చూసి, విద్యుత్ వాహకత 0.5 లోపు ఉంటేనే నారు పెంపకానికి అమ్మండి. మీటరు ఒక్కటి సంఘానికంతటికీ చాలు. కడిగిన నీరు ఎర్రగా, వగరుగా ఉంటుంది. దాన్ని కాలువలోకో చేపల చెరువులోకో వదలకండి.

*పొట్టు కంపోస్టు:* పచ్చి పొట్టును నేరుగా చేలో వేస్తే నత్రజనిని అదే లాగేసుకుంటుంది. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, 5 ప్యాకెట్ల ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం తీసుకోండి. పొట్టును 100 కిలోల చొప్పున పొరలుగా పరిచి, ఒక పొర మీద పుట్టగొడుగు విత్తనం, తర్వాతి పొర మీద యూరియా మార్చి మార్చి వేసి, తడి ఆరకుండా చూస్తే సుమారు రెండు నెలల్లో నల్లని కంపోస్టు అవుతుంది. కర్బన నత్రజని నిష్పత్తి 112:1 నుంచి 24:1కి తగ్గుతుంది. ప్రకృతి సేద్యం చేసే రైతుకు అమ్మేటప్పుడు యూరియా వాడిన సంగతి తప్పక చెప్పాలి.

*జీవామృతం:* 200 లీటర్ల నీటికి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. తయారైన వారంలోపు వాడాలి కాబట్టి ఆర్డరు లేకుండా చేసి పెట్టుకోకండి. ఆరబెట్టిన ఘన జీవామృతం నెలల తరబడి నిల్వ ఉంటుంది. తీరిక రోజుల్లో ఘన జీవామృతం, సీజన్‌లో ద్రవ జీవామృతం అని పని పంచుకుంటే నష్టం ఉండదు.

*కొమ్ము పురుగు జాగ్రత్త:* కొబ్బరి ప్రాంతంలో ఎరువు యూనిట్ పెట్టేవారు దీన్ని అసలు మరువకూడదు. కొమ్ము పురుగు కుళ్ళుతున్న పేడ కుప్పల్లో, కంపోస్టు గుంతల్లో గుడ్లు పెడుతుంది. మీ యూనిట్ నుంచి పురుగులు లేచి పక్క తోటల మొవ్వులు తినేస్తే ఊరంతా మీ మీదికి వస్తుంది. కుప్పలను తిరగవేసి, తెల్లని బొద్దు పురుగులు కనిపిస్తే ఏరి చంపండి. మెటారైజియం శిలీంధ్రాన్ని కుప్పల్లో కలపండి. బెడ్ల మీద వల కప్పండి. మెటారైజియం గురించీ, తెల్లదోమపై వాడే ఐసేరియా శిలీంధ్రం గురించీ అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో సలహా పొందవచ్చు.

6. అమ్మకం, బాకీ వసూలు

సరుకు తయారు చేశాక కొనేవారిని వెతకడం తలకిందుల పని. ముందు ముగ్గురు కొనుగోలుదారులు ఖాయమయ్యాకే మొదటి బెడ్డు వేయండి.

- రైతులు: తొలకరికి, దాళ్వాకు ముందు గిరాకీ ఉంటుంది. అరువు అడుగుతారు. "పంట వచ్చాక ఇస్తా" అన్న బాకీ మీ మూడు నెలల పెట్టుబడిని ఆపేస్తుంది. సగం ముందు, సగం సరుకు దించినప్పుడు అన్న పద్ధతి మొదటి రోజు నుంచే పెట్టండి. బంధువులకూ అదే పద్ధతి. ఒకరికి సడలిస్తే ఊరంతా అడుగుతుంది.
- నర్సరీలు: ఎక్కువ సరుకు తీసుకుంటారు కానీ ధర తక్కువ. ఒక్క మహిళ ఇవ్వగలిగినంత వారికి చాలదు. పది మంది సరుకు ఒకే నాణ్యతతో ఒకే చోట చేర్చి గ్రామ సమాఖ్య లేదా రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరున అమ్మితే బేరమాడే బలం వస్తుంది.
- యాత్రికులు: మురమళ్ళలో శ్రీ భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామివారి నిత్య కల్యాణానికి రోజూ భక్తులు వస్తారు. 216 జాతీయ రహదారి ఊరి మీదుగా వెళ్తుంది. చిప్ప గరిటెలు, పీచు బ్రష్షులు, కుండీలకు 2 కిలోల ఎరువు ప్యాకెట్ల వంటి చేతిలో పట్టే సరుకు ఇక్కడ నగదుకు అమ్ముడవుతుంది.
- సరస్ మేళాలు: కొత్త పరిచయాలకు మంచివే. వెళ్ళేముందు రవాణా, బస ఖర్చు లెక్క వేసుకోండి.

పెద్ద కొనుగోలుదారు డబ్బు నిలిపేస్తే మీకు చట్టం అండ ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ చెల్లించాలి. దీనిపై ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఇందుకు మీకు ముందే ఉద్యం నమోదు ఉండాలి, సరుకు అందినట్టు సంతకం చేసిన బిల్లు ఉండాలి. తెల్ల కాగితం మీద లెక్క రాసి పంపే అలవాటు మానుకుని బిల్లు పుస్తకం వాడండి.

7. సమయం, ఆరోగ్యం

కేంద్ర ప్రభుత్వ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు అందుకే వెచ్చిస్తున్నారు. మగవారు వెచ్చించేది 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటల ఇంటి పని తర్వాత మిగిలిన వేళలో వ్యాపారం చేయాలి. ఆ వేళ కూడా పిల్లల బడి, పెద్దల అనారోగ్యం, పండుగలు, పెళ్ళిళ్ళతో తెగిపోతుంటుంది. వానపాములకు సెలవు రోజులుండవు. నాలుగు రోజులు నీళ్ళు చల్లకపోతే బెడ్డు ఎండి పాములు చస్తాయి.

- ఇద్దరు ముగ్గురు జతగా ఏర్పడి పక్కపక్కన బెడ్లు వేసుకోండి. ఒకరు ఊరెళితే మరొకరు చూసుకుంటారు.
- 50 కిలోల సంచులు మోయడం, వంగి జల్లెడ పట్టడం నడుముకు చేటు. నిలబడి పట్టే జల్లెడ, ఒంటి చక్రం బండి మొదటి లాభంతోనే కొనుక్కోండి.
- పీచు, పొట్టు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొట్టును కొద్దిగా తడిపి పని చేయండి. యంత్రం దగ్గర చీర కొంగు, జడ, గాజులు జాగ్రత్త.
- ఇంట్లో మగవారికి, చదువుకునే పిల్లలకు కచ్చితమైన పని అప్పగించండి. "సాయం చేయండి" అనే కంటే "సంచులు బండి మీదికి ఎక్కించడం మీ పని" అని చెప్పడం మేలు.

8. వాన, వరద, కాలువ కట్టివేత

మన ఊళ్ళు గోదావరి పాయల మధ్య, సముద్రానికి దగ్గరగా ఉన్నాయి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను, 2022 జూలై వరద చూసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. నీట మునిగిన బెడ్డులో పాములన్నీ ఒక్క రాత్రిలో పోతాయి.

- బెడ్లు ఎత్తయిన గట్టు మీద, నీరు పోయే వాలుతో కట్టండి. లంక భూముల్లో శాశ్వత షెడ్డు వద్దు.
- జూలై నుంచి నవంబరు వరకు కొంత వానపాముల విత్తనాన్ని డ్రమ్ములో ఎత్తు మీద విడిగా ఉంచండి. వరద పోయాక మళ్ళీ కొనుక్కునే పని ఉండదు.
- వేసవిలో కాలువలు కట్టేస్తారు. పొట్టు కడిగే పని ఆ లోపే ముగించుకుని, ఎండల్లో ఆరబెట్టడం, దిమ్మలు కట్టడం పెట్టుకోండి.
- రుణం తీసుకున్న షెడ్డుకు, సరుకుకు బీమా ఉందో లేదో బ్యాంకులో అడిగి, పాలసీ కాగితం మీ దగ్గరే ఉంచుకోండి.

9. అనుమతులు

తినే వస్తువులు చేస్తే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. ఏడాదికి రూ.12 లక్షల లోపు అమ్మకాలున్నవారికి నమోదు రుసుము ఏడాదికి రూ.100 మాత్రమే. వర్మీ కంపోస్టును పేరు ముద్రించిన సంచుల్లో దుకాణాల ద్వారా అమ్మాలనుకుంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిబంధనలు వర్తిస్తాయి. ముందుగా మండల వ్యవసాయాధికారిని కలవండి. ప్రయోగశాలలో పరీక్ష చేయించకుండా సంచి మీద పోషకాల శాతాలు వేయకండి. కషాయాల సీసాల మీద "అన్ని తెగుళ్ళకూ మందు" వంటి మాటలు అసలే వద్దు. పీచు యంత్రం పెట్టేవారు పంచాయతీ అనుమతితో పాటు కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఏం కావాలో జిల్లా పరిశ్రమల కేంద్రంలో తెలుసుకోవాలి.

10. ప్రకృతి సేద్యంతో జతపడితే

రైతు సాధికార సంస్థ నడుపుతున్న ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి సేద్యం కార్యక్రమం గ్రామ మహిళా సంఘాల ఆసరాతోనే ఊరూరికీ చేరింది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం దక్కింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌లో దేశవ్యాప్తంగా 10,000 జీవ ఉత్పాదకాల కేంద్రాలు పెట్టాలన్నది లక్ష్యం. ఘన జీవామృతం, కషాయాలు తయారు చేసే మహిళలకు ఇది నికరమైన గిరాకీ. మీ గ్రామంలో ప్రకృతి సేద్యం కార్యకర్తను కలిసి, ఈ సీజన్‌లో ఏ రైతుకు ఎంత కావాలో జాబితా తీసుకుని దాని ప్రకారమే తయారు చేయండి.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి

1. నా కూలి వేసుకున్నాక కిలో సరుకు ఖర్చు ఎంత? కనీస ధర ఎంత?
2. మొదటి ముగ్గురు కొనుగోలుదారులు ఎవరు? ఎంత ముందుగా ఇస్తారు?
3. ఏడాదికి సరిపడా ఆకు, డొక్క ఎక్కడి నుంచి వస్తుంది? నా తోటకు ఎంత ఉంచుకుంటున్నాను?
4. స్థలం కాగితం, ఖాతా, ఉద్యం నమోదు నా పేరున ఉన్నాయా?
5. నేను నాలుగు రోజులు లేకపోతే పని ఎవరు చూస్తారు?
6. వరద వస్తే యూనిట్‌లో ఏది ముందు ఎత్తుకు చేర్చాలి?

ఈ ఆరింటికీ సమాధానం రాసుకోగలిగితే రెండు బెడ్లతో మొదలుపెట్టండి. ఒక ఏడాది పుస్తకం చూసుకున్నాకే పెంచండి. సమాధానం లేని ప్రశ్న ఏదైనా ఉంటే, యంత్రం కొనే ముందే దాని సంగతి తేల్చుకోండి.

సాంకేతిక సలహాలకు మీ రైతు సేవా కేంద్రంలోని గ్రామ ఉద్యాన సహాయకులను, రుణాలకు వెలుగు కార్యాలయాన్ని, పీచు పరిశ్రమ శిక్షణకు కాయర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయాన్ని సంప్రదించండి. వెళ్ళేటప్పుడు మీ లెక్కల పుస్తకం వెంట తీసుకెళ్ళండి. అది చేతిలో ఉంటే మీకు కావలసింది ఏమిటో అధికారికి త్వరగా అర్థమవుతుంది.